నేల మీదికి దింపమన్న గొంతు

మా ఇంట్లో ఒక నవారు మంచం ఉంది. కోళ్లు టేకువి, చెక్కుచెదరలేదు. నవారు మాత్రం ఎన్నిసార్లు మార్చామో లెక్క లేదు. ఈమధ్య దాన్ని మళ్లీ బిగిస్తుంటే, మా ఆయన ఒక చివర పట్టుకుని లాగుతూ, "దీన్ని ఎవరికైనా ఇచ్చేద్దామే సత్యా, పీడా పోద్ది" అన్నారు.

"మిమ్మల్నైనా ఇచ్చేస్తాను గానీ దాన్ని ఇవ్వను" అన్నాను.

ఆయన నవ్వారు. ఆ నవ్వు మళ్లీ వింటానని ఒకప్పుడు నేను అనుకోలేదు. ఆ సంగతంతా రాయమని మా పక్కింటి మేరీ టీచరుగారు ఏళ్ల తరబడి పోరుతున్నారు. "ఇంత నోరున్నదానివి, ఇది నువ్వు చెప్పకపోతే ఎవరు చెప్తారే?" అంటారు. చదివినవాళ్లలో ఒక్కరికి పనికొచ్చినా చాలని ఆవిడ ఉద్దేశం. నాకు మాత్రం ఆ రోజుల్ని ఒక్కసారి వరసగా పెట్టుకుని చూసుకుంటే మనసు కుదుటపడుతుందని ఆశ.

2008, వినాయక చవితి ముందు

మాది యానాంలోని ఫరంపేట. పిల్లలు లేని ఇల్లు, ముగ్గురమే మనుషులం. మా ఆయన వీర్రాజు, మా అత్తగారు నూకరత్నం, నేను. ఆయన బోటు ఇంజిన్ల మెకానిక్. ఏటిగట్టు కింద రేకుల షెడ్డు. వేటకెళ్లే బోటు ఏది మొరాయించినా ముందు ఆయనకే కబురొచ్చేది. ఇంజినుకి చెవి దగ్గరగా పెట్టి వినేవారు. "రింగులు పోయినియ్యిరా" అనేవారు. విప్పి చూస్తే పోయే ఉండేవి. అంత చెవి ఉన్న మనిషికి తన గుండె చప్పుడు మాత్రం వినపడలేదు.

ఎంత బాగుండేవా రోజులు! సాయంత్రం ఆయన సైకిలు హేండిల్‌కి చేపల కవరు తగిలించుకుని వచ్చేవారు. ఒళ్లంతా డీజిలు కంపు. "ఆ గడప దాటారంటే కాళ్లు విరగ్గొడతా, ముందు నుయ్యి దగ్గరకి నడవండి" అని నేను అరవడం, "నీ పెళ్లాం ఏలుతున్న ఊర్రా ఇది, నడు నడు" అని అత్తయ్య దెప్పడం. ఇది రోజూ ఉండేదే. ఆ డీజిలు కంపు కోసం తర్వాత మొహం వాచిపోయాను.

ఆ ఏడాది వానలు మొదలైన దగ్గర్నుంచీ ఆయనకి ఒంట్లో ఏదో తేడా. అన్నం తిని నాలుగడుగులు వేస్తే గుండెల మీద బరువు. ఎడమ దవడ లాగడం. గట్టు ఎక్కితే ఆయాసం. "గ్యాసే" అని ఆయన రోజుకో సోడా తాగేవారు. అత్తయ్య దిష్టి అని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేది. నేను "వేళకి తినని మనిషికి ఇంతకంటే ఏం వస్తుంది" అని తిట్టేదాన్ని. ఒక్క రోగానికి ముగ్గురం మూడు వైద్యాలు చేశాం. సైకిలు మీద పది నిమిషాల్లో ఆస్పత్రి ఉంది, అక్కడికి మాత్రం వెళ్లలేదు. నడిస్తే దవడ లాగుతోందంటే సోడా కొట్టుకి వెళ్లకండి. ఈ ఒక్క ముక్క చెప్పడానికైనా ఈ కాగితాలు ఖర్చు పెట్టొచ్చు.

పండగ వెళ్లాక ఆ శనివారం

రెండో శనివారం. మేరీ టీచరుగారికి బడి లేదు. ఉదయం పదవుతోంది. ఆయన స్నానం చేసి వచ్చి వసారాలో మంచం మీద కూర్చున్నారు. "సత్యా, కాసిని మంచినీళ్లియ్యి" అన్నారు. నేను గ్లాసు ముంచుకుని వచ్చేసరికి వెనక్కి వాలిపోయి ఉన్నారు. కాళ్లు కిందకి వేలాడుతున్నాయి. నోరు తెరుచుకుని, ఉండీ ఉండీ పెద్దగా గురక.

"నిద్దరట్టేసింది, పడుకోనీయే" అంది అత్తయ్య.

నాకెందుకో ఆ గురక నచ్చలేదు. ఇరవయ్యేళ్లు పక్కన పడుకున్నదాన్ని, ఆయన గురక నాకు తెలీదా? భుజం పట్టుకుని కుదిపాను. పలకలేదు. మొహం బూడిద రంగులోకి తిరిగింది. గ్లాసు ఎప్పుడు జారిపడిందో తెలియదు. నేను పెట్టిన కేకకి వీధంతా వచ్చింది.

వచ్చినవాళ్లు ఊరికే నిలబడలేదు, పాపం. ఎవరో తాళాల గుత్తి ఆయన గుప్పిట్లో పెట్టి మూశారు. ఎవరో ఉల్లిపాయ చితగ్గొట్టి ముక్కు దగ్గర పెట్టారు. ఎదురింటి సత్తిబాబు రిక్షా తొక్కుతాడు. "లేపి కూకోబెట్టండి, ఆటో తెత్తాను" అన్నాడు. ఆ సందట్లోకి మేరీ టీచరుగారు సెల్లు పట్టుకుని వచ్చారు. అప్పటికే అంబులెన్సు నంబరు నొక్కేశారు.

"మనది పాండిచ్చేరి కదండీ టీచరుగారూ, ఆంధ్రా బండి మనకొత్తదా?" అన్నాడు సత్తిబాబు.

"వస్తదో రాదో వాళ్లే చెప్తారు, నువ్వు ఊరుకో" అని ఆవిడ స్పీకరు పెట్టారు.

అవతల ఒక ఆడపిల్ల గొంతు. పాతికేళ్లు ఉంటాయేమో. ఏ ఊరని అడిగింది, ఏ మండలమని అడిగింది.

"యానామమ్మా. మాకు మండలాల్లేవు."

"యానాం ఏ మండలంలోకి వస్తుంది మేడమ్?"

టీచరుగారు ఇరవయ్యేళ్లుగా సోషలు చెప్తున్న మనిషి. అంత కంగారులోనూ ఆవిడకి ఒళ్లు మండింది. "ఏ మండలంలోకీ రాదమ్మా! చుట్టూ మీరు, మధ్యలో మేము! తాళ్ళరేవు దాటి రండి, గోదారి ఒడ్డున ఫరంపేట!"

ఒక్క క్షణం టకటకమని ఏదో కొట్టిన చప్పుడు. "బండి బయల్దేరుతోంది. ఇప్పుడు చెప్పండి, ఆయన ఊపిరి తీస్తున్నారా?"

"గురక పెడుతున్నారు" అన్నాను.

"గురక గురకకీ మధ్య ఎంత సేపు పడుతోంది?"

అందరం ఆయన నోటి వంకే చూశాం. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక్కటి వచ్చింది.

"అది ఊపిరి కాదమ్మా" అంది. ఆ మాట చాలా నెమ్మదిగా అంది. "ఆయన గుండె ఆగింది. బండి వచ్చేదాకా ఆ పని మీరు చెయ్యాలి. నేను చెప్తాను, మీరు చెయ్యండి. కూర్చోబెట్టొద్దు. ఆటో ఎక్కించొద్దు. ఎక్కడున్నారాయన?"

"నవారు మంచం మీద."

"కిందకి దింపండి. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి."

అక్కడ ఆగింది కథంతా.

మా వైపు మనిషిని మంచం మీద నుంచి నేల మీదికి దింపేది ఒక్కప్పుడే. ఇక ఆశ లేదనుకున్నప్పుడు. మంచం మీద ప్రాణం పోకూడదని దింపుతారు. దింపారంటే ఇంటిల్లిపాదీ వదులుకున్నట్టే. అత్తయ్య తన మొగుణ్ణి అలాగే దింపింది, ఒక కూతుర్ని దింపింది. ఇప్పుడా మాట వినగానే కొడుకు తల దగ్గర మంచం కోడు రెండు చేతుల్తో వాటేసుకుని నేల మీద కూలబడిపోయింది.

"బతికున్నోణ్ణి దింపుతారా? నా కంఠంలో ప్రాణముండగా దింపనివ్వను! ఊపిరుంది నా బిడ్డకి, అదిగో తీత్తన్నాడు!"

సత్తిబాబు చేతులు వెనక్కి తీసేశాడు. మిగతావాళ్లూ ఒక అడుగు వెనక్కి వేశారు. నేను అత్తయ్య చేతులు లాగాను, రాలేదు. గోళ్లతో గీరాను కూడా. టీచరుగారు ఫోను నోటి దగ్గర పెట్టుకుని, "ఆయన తల్లి దింపనివ్వడం లేదమ్మా, మావైపు పోయేవాళ్లనే దింపుతారు" అని ఏడుపు గొంతుతో చెప్పారు.

"ఫోను ఆమె చెవి దగ్గర పెట్టండి" అంది ఆ పిల్ల.

స్పీకర్లో అందరం విన్నాం.

"అమ్మా, మంచం మెత్తగా ఉంటుంది. దాని మీద నొక్కితే మంచం కిందకి పోతుంది గానీ గుండెకి అందదు. అందుకే నేల కావాలి. దింపమన్నది నేను. మీరు కాదు, మీ కోడలు కాదు. దోషమంటూ ఉంటే నాకు తగలనీయండి. ముందు దింపండి."

అత్తయ్య ఒక్కసారి ఆ సెల్లు వంక చూసింది. చేతులు వదిలేసింది. నలుగురం పట్టి దింపుతుంటే, "తల ఉత్తరానికెట్టకండి, తూర్పుకి తిప్పండి!" అని మాత్రం అరిచింది. ఆ గుప్పిట్లోని తాళాల గుత్తి నేల మీద పడింది.

నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. రొమ్ము మధ్యలో అరచెయ్యి, దాని మీద రెండో చెయ్యి, మోచేతులు వంచకుండా. "గట్టిగా నొక్కండి, ఇంకా గట్టిగా, మళ్లీ పైకి లేవనివ్వండి. నాతో పాటు లెక్కపెట్టండి" అని ఆ పిల్ల ఒకటీ రెండూ మూడూ అంటూ మొదలుపెట్టింది. వీధంతా కలిసి లెక్కపెట్టాం. ఏదో పటుక్కుమంది నా చేతి కింద. నేను ఆగిపోయాను. "ఎముక విరిగిందమ్మా!" అన్నాను. "విరగనీయండి, అతుక్కుంటుంది. ఆపకండి" అంది.

రెండు మూడు నిమిషాలకే నా చేతులు పడిపోయాయి. ఎవరైనా మారండి అంది ఆ పిల్ల. నన్ను పక్కకి నెట్టి కూర్చున్నది ఎవరనుకున్నారు? అత్తయ్యే. అరవయ్యేళ్లు దాటిన మనిషి, చీర కుచ్చిళ్లు దోపుకుని.

"లెగు. రోకటి పోటు నాకు చెప్పాలా?"

నిజమే. పెళ్లయిన దగ్గర్నుంచీ ఒక ఊరికి సరిపడా ధాన్యం దంచిన చేతులవి. ఆమె నొక్కుతుంటే ఎక్కడా వేగం తగ్గలేదు, పెరగలేదు. ఆమె అలిసిందంటే నేను, నేను అలిశానంటే ఆమె. ఒకరి పోటు ఆగకుండా ఇంకొకరి పోటు పడాలని రోటి దగ్గర ఆమే నాకు నేర్పింది. ఫోన్లో పిల్ల గొంతు బొంగురుపోయింది, అయినా లెక్క ఆపలేదు. మధ్యమధ్య "బాగా చేస్తున్నారమ్మా, ఆయన కోసం ఇంకొంచెం" అనేది. ఆ "ఇంకొంచెం" ఎన్నిసార్లు అందో.

సత్తిబాబు వీధి చివర నిలబడి తువ్వాలు ఊపి బండిని పిలిచాడు. వాళ్లు వచ్చి యంత్రం పెట్టి షాకిచ్చారు. రెండోసారికి ఒకతను మెడ పట్టుకుని చూసి, "వచ్చింది, కొట్టుకుంటోంది" అన్నాడు. టీచరుగారు ఫోన్లో "వచ్చిందమ్మా! వచ్చింది!" అని కేకేశారు. అవతల ఒక్క పెద్ద నిట్టూర్పు వినపడింది. "వాళ్లకి అప్పగించండి అమ్మా" అంది. లైను తెగిపోయింది. పేరు అడగాలని ఎవరికీ తోచలేదు.

కాకినాడలో పదకొండు రోజులు

ఆస్పత్రి సంగతులు ఎక్కువ రాయను. గాజు తలుపుకి ఇవతల బల్ల, మేం ముగ్గురం ఆడవాళ్లం. టీచరుగారు బడికి సెలవు పెట్టి మూడు రోజులు కదల్లేదు. కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంటే అత్తయ్య మోచేత్తో పొడిచి, "మా వీర్రాజు పేరు గట్టిగా చెప్పండి, మీ పెబువుకి తెలుగొచ్చుగా" అంది. ఆ ఏడుపులోనూ ముగ్గురం నవ్వాం. నవ్వినందుకు మళ్లీ నాకు భయమేసింది.

అక్కడ ఊడ్చే ఆయమ్మ ఒకావిడ రోజూ తెల్లారగానే గాజు తలుపులోంచి తొంగి చూసి వచ్చి, "మీవోడు వేలు కదిపాడు", "ఇయ్యాల కళ్లు తెరిచాడు" అని మాకు మొదటి కబురు చెప్పేది. అలా వచ్చి చెప్పాల్సిన పని ఆవిడకి లేదు. డాక్టరు వచ్చేదాకా ఆ ఒక్క మాట మీద బతికేవాళ్లం.

అయిదో రోజు డాక్టరుగారు పిలిచి రెండు పక్కటెముకలు విరిగాయని చెప్పారు. అత్తయ్య గోడకి ఆనుకుని, "నేనే బాబూ, నేనే విరగ్గొట్టాను" అంది నేరం ఒప్పుకున్నట్టు.

"ఆ ఎముకలు విరగబట్టే ఆయనున్నాడమ్మా" అన్నారాయన.

ఆ చలికాలం

ఇంటికి తెచ్చాక అసలు కష్టం మొదలైంది. బతికి వచ్చాడు కదా అని వీధి మొత్తం పండగ చేసుకుంది. వచ్చిన మనిషి మాత్రం వెళ్లిన మనిషి కాదు. ఊరికే కసురుకునేవారు. మంచం ఎక్కనని కుర్చీలోనే నిద్రపోయేవారు. పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి మర్చిపోయేవారు. నేను ఆయన పొట్ట పైకీ కిందకీ కదులుతోందా అని చూస్తూ కూర్చునేదాన్ని. అసలు గురక పెడితే భయం, పెట్టకపోతే ఇంకా భయం.

ఒకరోజు షెడ్డు కుర్రాళ్లు చిన్న ఇంజినొకటి ఇంటికి తెచ్చారు, ఉత్సాహం వస్తుందని. ఆయన దాని ముందు కూర్చుని, చేతిలోకి స్పానరు తీసుకుని, దాని వంక చూస్తూ ఉండిపోయారు. "దీన్నేమంటారే?" అని నన్ను అడిగారు. కళ్లమ్మట నీళ్లు.

నేను లోపలికి వెళ్లాను. అత్తయ్య చేటలో బియ్యం చెరుగుతోంది. ఇన్నాళ్లూ పళ్ల బిగువున ఆపుకున్నది బయటికి వచ్చేసింది.

"ఆ రోజు మంచం కోడు పట్టుకుని మీరు కూర్చోకపోతే ఆయన ఇలా అయ్యేవారా? నిమిషం పైనే పట్టుకున్నారు. ఆ నిమిషంలోనే పోయింది ఆయన బుర్ర!"

ఆమె చేట కింద పెట్టి పెరట్లోకి వెళ్లిపోయింది. ఒక్క మాట తిరిగి అని ఉంటే నాకు బాగుండేది. తర్వాత పదిహేను రోజులు ఒకే ఇంట్లో ఉండి మేమిద్దరం మాట్లాడుకోలేదు. నా నోటికి నేనే సిగ్గుపడ్డాను, అయినా వెళ్లి క్షమించమని అడగలేదు. కోపం అలాంటిది.

2009, సోమవారాలు

సంక్రాంతి వెళ్లాక ఒక సోమవారం శివాలయానికి వెళ్లాను. పూజారిగారు నన్ను చూసి, "ఏమ్మా, ఇవాళ మీ అత్తగారు రాలేదా? ఆ ఫోను పిల్ల అర్చన నువ్వే చేయిస్తావా?" అన్నారు.

"ఏ ఫోను పిల్లండీ?"

అప్పుడు చెప్పారాయన. కాకినాడ నుంచి వచ్చిన మొదటి సోమవారం దగ్గర్నుంచీ అత్తయ్య రెండు అర్చనలు చేయిస్తోందట. ఒకటి కొడుకు పేరున. రెండోదానికి పేరడిగితే తెలియదందట. నక్షత్రమూ తెలియదు. గోత్రం అడిగితే, "మా గోత్రమే చెప్పండి, మా ఇంటి పిల్లే" అందట.

ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చాను. ఆమె పొయ్యి దగ్గర ఉంది.

"ఏంటత్తయ్యా ఇది? నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్తే నవ్వుతావని." పొయ్యిలో పుల్ల ఎగదోసింది. "ఆ పిల్ల నెత్తినెట్టుకుందే సత్యా. దోషముంటే నాకు తగలనీండంది. పెళ్లి కావల్సిన పిల్లో, కడుపుతో ఉన్న పిల్లో! నా కొడుకు లేచి కూకున్నాడు గానీ ఆ మాట ఊరికే పోద్దా? దేవుడికి నేనే చెప్పుకోవాల, అడ్డం పడింది నేను గదా." మొహం తిప్పుకోకుండా అంది. "నువ్వన్నది నిజమే. ఆ నిమిషం నన్ను తినేత్తంది."

నేను ఆమె పక్కన కూలబడి ఏడ్చాను. ఆమె కూడా ఏడ్చింది. పొయ్యి మీద పప్పు మాడిపోయింది. "ఏటా కంపు?" అని ఆయన కుర్చీలోంచి అరిచారు. అంత గట్టిగా అరవడం ఆస్పత్రి నుంచి వచ్చాక అదే మొదటిసారి.

ఆ మర్నాడు నేను ఆ నంబరుకి ఫోను చేశాను. "ఎమర్జెన్సీ ఏమిటో చెప్పండి" అంది వేరే గొంతు. ఎమర్జెన్సీ కాదమ్మా, ఒకమ్మాయికి థాంక్సు చెప్పాలి అన్నాను. "సంతోషమండీ, మా వాళ్లతో చెప్తాను. లైను ఖాళీగా ఉండాలి కదండీ" అందా పిల్ల మర్యాదగానే. నిప్పు తగిలినట్టు పెట్టేశాను. అత్తయ్య నా వీపు మీద ఒకటి చరిచింది. "బుద్ధుందా? అవతల ఎవరి కొడుక్కి ఊపిరాడతల్లేదో!"

ఆ ఎండాకాలానికి ఆయన స్పానరుని స్పానరనడం మొదలుపెట్టారు. వానలొచ్చేసరికి షెడ్డుకి వెళ్లారు. ఇంజినుకి చెవి పెట్టి విని, ఒక్కోసారి తప్పు చెప్పేవారు. కుర్రాళ్లు విప్పి, ఆయన చెప్పిందే పోయిందన్నట్టు తలూపేవారు. వాళ్లకి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. ఒక సాయంత్రం గడప దగ్గర డీజిలు కంపు వచ్చింది. నేను తిట్టబోయి, తిట్టలేక, ఆయన చొక్కా పట్టుకుని నిలబడిపోయాను. "ముందు నుయ్యి దగ్గరకి పంపవే, ఏటా ఏసాలు" అంది అత్తయ్య.

చాలా ఏళ్ల తర్వాత

అత్తయ్య నిండుగా బతికి, ఒక మాఘమాసంలో మంచం పట్టింది. అదే మంచం. డాక్టరుగారు ఇంటికి వచ్చి చూసి, ఇంకెక్కడికీ తిప్పకండి, ఇవాళో రేపో అన్నారు. మేరీ టీచరుగారు వచ్చి కాళ్ల దగ్గర కూర్చున్నారు. మధ్యాహ్నానికి ఊపిరి దూరం దూరం అయిపోయింది. ఆ చప్పుడు నాకు తెలుసు, టీచరుగారికీ తెలుసు. ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం.

"దింపండమ్మా, మంచం మీద పోకూడదు" అన్నారు వీధిలో పెద్దాళ్లు.

మా ఆయన ఒక్క అంగలో వచ్చి మంచం కోడు రెండు చేతుల్తో పట్టుకుని నేల మీద కూర్చుండిపోయారు. తల్లి కూర్చున్న చోటే. ఆ రోజు ఆయనకి స్పృహ లేదు, ఆమె ఎలా కూర్చుందో చూడలేదు. అయినా అలాగే పట్టుకున్నారు.

"దింపను. ఊపిరుంది అమ్మకి. నేను నొక్కుతాను, నాకు నేర్పండి."

నేను ఆయన పక్కన కూర్చుని ఆ చేతుల మీద చెయ్యి వేశాను. ఆ మాట నా నోటికి ఎలా వచ్చిందో, బొంగురుపోయిన గొంతుతో సహా వచ్చింది.

"దింపమన్నది నేను. మీరు కాదు. దోషమంటూ ఉంటే నాకు తగలనీయండి."

ఆయన చేతులు వదిలేశారు. అందరం కలిసి నెమ్మదిగా దింపాం. ఆయన తల్లి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆమె రొమ్ము మధ్యలో అరచెయ్యి పెట్టి, దాని మీద రెండో చెయ్యి పెట్టారు. నొక్కలేదు. ఆ గుండె ఆగేదాకా అలా ఊరికే పెట్టి ఉంచారు.